ఎడమ పక్క చచ్చింది

మా ఆటోనగర్‌లో మనిషికి రెండు చెవులుంటాయంటే ఎవరూ ఒప్పుకోరు. పనికొచ్చే చెవి ఒక్కటే ఉందనీ, అది బసవపున్నయ్య మేస్త్రి దగ్గర ఉందనీ అందరి నమ్మకం. మిగతా జనానికి ఉన్నవి కళ్లజోడు తగిలించుకోవడానికీ, పెన్సిల్ దోపుకోవడానికీ దేవుడు బిగించిన కొక్కేలు.

ఆయన షెడ్డుకు ఎడమ పక్కన ఉన్న స్పేర్ పార్టుల కొట్లో నేను ముప్ఫయ్యేళ్లుగా గుమస్తాను. వెంకటప్పయ్య అని నాకో పేరుంది గానీ, ‘మేస్త్రి గారి పక్క కొట్టు’ అంటేనే జనం గుర్తుపడతారు. అందుకు నాకు కోపం లేదని చెప్పను. అయినా ముప్ఫయ్యేళ్లు ఒక మనిషి పక్కన బతికితే అతని గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు వస్తుంది. ఆ హక్కుతోనే చెబుతున్నాను. ఇందులో నేను చేసిన సిగ్గుమాలిన పని కూడా ఒకటుంది, దాన్నీ దాచను.

బసవపున్నయ్యది కంకిపాడు దగ్గర పల్లె. రెండెకరాల మాగాణి ఉన్న కుటుంబం. కాలవ గట్టు మీద ఆయిల్ ఇంజన్లు నీళ్లు తోడుతుంటే, చిన్నప్పుడే ఇంట్లో అన్నం తింటూ ‘అది ఫలానా వాళ్ల ఇంజన్, దానికివాళ డీజిల్ సరిగా అందట్లేదు’ అని చెప్పేవాడట. చదువు మాత్రం చెవికెక్కలేదు. పద్దెనిమిదో ఏట ఆటోనగర్ వచ్చి లారీల కింద దూరాడు. ఇప్పుడాయనకు అరవై ఒకటి. కాపురం పటమటలో.

ఆయన ఇంజన్ని చూడడు, వింటాడు. లారీని స్టార్ట్ చేసి ఉంచమని, మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్ ఒంటికి ఆనించి, దాని కర్రపిడిని కుడి చెవికి గట్టిగా అదిమి కళ్లు మూసుకుంటాడు. ఎడమ చెవి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆయన కూడా. అది పక్క షెడ్డులో రేకులు సాగ్గొట్టే సుత్తికీ, గ్రైండర్‌కీ, ఎయిర్ కంప్రెసర్‌కీ నలభై ఏళ్లుగా వదిలేసిన చెవి. రెండు నిమిషాలు విని కళ్లు తెరిచి ‘మూడో సిలిండర్’ అంటాడు. విప్పితే జబ్బు అందులోనే ఉంటుంది. ఆ ఒక్క ముక్క కోసం అవనిగడ్డ నుంచీ గుడివాడ నుంచీ లారీ ఓనర్లు వస్తారు. కొనబోయే పాత లారీని ఆయన చెవికి చూపించకుండా బయానా ఇచ్చినవాణ్ణి మా వీధిలో పిచ్చివాడి కింద జమకడతారు. షెడ్డు అద్దెది, పనిముట్లు పాతవి. ఆయనకున్న ఆస్తి ఆ మాటే.

పోయిన పార్టును బయటికి తీయగానే ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి దాని మీద ఇంటూ మార్కు వేస్తాడు. లేకపోతే ఏ బుద్ధిమంతుడో దాన్ని కిరసనాయిల్‌తో కడిగి, రంగేసి, ఇంకో అమాయకుడి బండికి బిగిస్తాడని భయం. ఇంటూ పడ్డాక అది ఎవరి పార్టయినా, సొంత బావమరిదిదైనా, చచ్చినట్టే. ఇంకా అనుమానం తీరకపోతే మార్చి చూస్తాడు. ఒకటో సిలిండర్ సరిగా కొట్టడం లేదనుకోండి, దానికి డీజిల్ చిమ్మే నాజిల్ తీసి రెండోదానికి పెడతాడు, రెండోదానిది ఒకటోదానికి. “జబ్బు నాజిల్‌తో పాటు జరిగిందనుకో, నాజిల్‌ది తప్పు. జరక్కుండా ఉన్నచోటే కూర్చుందనుకో, ఇంజన్‌ది తప్పు. ఊరికే నాజిల్‌ని తిట్టమాక” అని వచ్చినవాడికల్లా పాఠం చెబుతాడు. ఆ పాఠం నేను వెయ్యిసార్లు విన్నాను.

ఇంతటి మనిషి ఇయర్‌ఫోన్ల జోలికి పోవడానికి కారణం ఆమోసు. ఆమోసు చేపల చెరువులకు తవుడు తోలే లారీ డ్రైవర్. లోడు దిగేదాకా గంటలకొద్దీ లారీ నీడన పడుకుని పాటలు వింటాడు. మొదట చిక్కుడు గింజల్లాంటి వైరు లేనివి కొన్నాడు. అందులో ఒకటి తవుడులో పడి కైకలూరు దాకా పోయింది, ఏ బొచ్చెచేప పాటలు వింటోందో తెలియదు. రెండోది తోడులేక చొక్కా జేబులోనే ఉండి ఉండి ఉతుకుల్లో పోయింది. దాంతో వాడికి జ్ఞానం కలిగింది. వైరుంటే జారిపడదు, పడ్డా వైరు పట్టుకుని లాక్కోవచ్చు, ఛార్జింగ్ గోల లేదు అని మా వీధి మొదట్లో ఉన్న మణికుమార్ కొట్లో రెండొందల నలభై తొమ్మిది పెట్టి వైరున్నవి కొన్నాడు.

ఈ మణికుమార్ బందరు దగ్గర గిలకలదిండి కుర్రాడు. వాళ్ల ఇంట్లో అందరూ సముద్రం మీద బతికేవాళ్లే. తనొక్కడే ‘నాకు వేట పడదండి’ అని వచ్చి, తలుపు వెడల్పున్న కొట్లో ఫోన్ కవర్లూ ఛార్జర్లూ అమ్ముకుంటున్నాడు. అతని కొట్లో ఇయర్‌ఫోన్లు తొంభై తొమ్మిది నుంచి ఏడొందల తొంభై తొమ్మిది దాకా వేలాడుతుంటాయి. తొంభై తొమ్మిది డబ్బా మీద ఒక యువకుడు కళ్లు మూసుకుని పరవశించిపోతుంటాడు. ఏడొందల తొంభై తొమ్మిది మీద కూడా ఆ యువకుడే, కాకపోతే వెనకాల మంటలుంటాయి. ఆ ఏడొందలూ మంటలకే అని నా అభిప్రాయం.

వారం తిరక్కుండా ఆమోసు ఆ ఇయర్‌ఫోన్లు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. “మేస్త్రి గారూ, ఒక పక్కే మోగుతున్నాయండి. మీరోసారి వినండి” అన్నాడు, వేళాకోళానికే. బసవపున్నయ్యకు చెవి విషయంలో వేళాకోళం తెలియదు. చేతులు తుడుచుకుని, రెండూ చెవుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత తెరిచాడు.

“ఎడమ పక్క చచ్చింది.”

అది నిజంగానే చచ్చింది. ఆమోసు ఆ వైరును లారీ తలుపులో పెట్టి నొక్కేశాడు. కాకి వాలింది, తాటిపండు రాలింది. మా వీధి మొత్తం కాకికి దండం పెట్టింది. ఇనుము లోపల బేరింగ్ అరిగితే కనిపెట్టేవాడికి ఇదొక లెక్కా అన్నారు. మర్నాటి నుంచీ ఇంజన్ల వరస పక్కన ఇయర్‌ఫోన్ల వరస మొదలైంది.

మొదటి నెల్లో ఆయన ఇరవై మూడు జతలు విన్నాడు. ఇరవై మూడింటికీ ఎడమ పక్కే చచ్చింది. అన్నింటికీ ఒకే రోగం ఏమిటని ఒక్కడూ అడగలేదు. కంపెనీల వాళ్లు ఎడమ పక్క రాగి తగ్గించి లాభం లాగుతున్నారని మా టీకొట్టు దగ్గర పరిశోధన జరిగింది. ఇంటూ మార్కు పడ్డ జతలన్నీ తిరిగి మణికుమార్ కొట్టుకు చేరాయి. అతను పాపం మార్చి ఇస్తే, మార్చినవాటికీ ఇంటూ పడింది.

లేతు పనివాడు బాబీ ఒక్కడే కాస్త ఎదురు చెప్పాడు. “నాకు రెండు పక్కలా బానే వినపడతందండి” అన్నాడు.

“నీకు వినపడితే సరిపోద్దా? నువ్వు పాట వింటన్నావ్, నేను సామాను వింటన్నా” అన్నాడు మేస్త్రి.

బాబీ మళ్లీ పెట్టుకుని మొహం చిట్లించి విన్నాడు. “అవునండోయ్, మీరన్నాక ఎడం పక్క కాస్త తగ్గినట్టే ఉంది” అన్నాడు. సొంత చెవి మీద పరాయివాడి మాట గెలవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. తర్వాత రోజూ చూశాను.

వార్త బెంజ్ సర్కిల్ దాకా పాకింది. అక్కడ ఏదో ఆఫీసులో పనిచేసే పవన్‌కుమార్ అనే అతను కారులో వచ్చాడు. ఇతను సంగీతమంటే చెవి కోసుకునే రకం కాదు, ఇయర్‌ఫోన్లంటే కోసుకునే రకం. పద్దెనిమిది వందల వైరు జత, దానికో తోలు సంచి. కూర్చోమనక ముందే బాస్ అన్నాడు, మిడ్స్ అన్నాడు, సౌండ్‌స్టేజ్ అన్నాడు. ఆ స్టేజి మీద ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా తనకు వినబడుతుందన్నాడు. మేస్త్రి అంతా విని, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, “ఎడమ పక్క చచ్చింది” అన్నాడు.

పవన్‌కుమార్ మొహం వెలిగిపోయింది. “కరెక్ట్ సార్! లెఫ్ట్ ఛానెల్లో కొంచెం రోలాఫ్, అదే సౌండ్ డ్రాప్, ఉందని నాకు మొదటి రోజే డౌటొచ్చింది. మీరు కన్ఫర్మ్ చేశారు” అన్నాడు. తోలు సంచి మీద ఇంటూ వేయించుకుని, ఏదో బిరుదు దొరికినట్టు పట్టుకెళ్లాడు.

ఇప్పుడు నా సంగతి. ఆ ఇంటూ జతల్లో ఒకదాన్ని మణికుమార్ పారేయబోతుంటే నేను తెచ్చుకున్నాను. ఉచితంగా వస్తే ఒక పక్క చాలనుకున్నాను. పెట్టుకుంటే రెండు పక్కలా గణగణా మోగింది. ఇంకోటి తెచ్చుకున్నాను, అదీ మోగింది. అప్పుడు నాకు అర్థమైంది. చచ్చింది ఎడమ ఇయర్‌ఫోన్ కాదు.

మెల్లగా చెప్పి చూద్దామని ఒకరోజు షెడ్డుకెళ్లాను. “మేస్త్రీ, నాకివి మోగుతున్నయ్యే” అన్నాను. “నీది పార్టులమ్మే చెవి వెంకటప్పయ్యా. అన్నీ ఒరిజినల్ లాగే వినపడతయ్” అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండి వచ్చేశాను. మళ్లీ చెప్పలేదు. అంత గొప్ప చెవిలో చెడ్డ మాట వేయడం ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం ఆ నవ్వే.

కొట్టు మూతపడే పరిస్థితి రాగానే మణికుమార్‌కు కూడా అదే తెలివి వచ్చింది. అతను నాలా కూర్చోలేదు. ఫోన్లో సెట్టింగుల అడుగున ఒక గీత ఉంటుంది, దాన్ని జరిపితే మోత అంతా ఎడమ పక్కకో కుడి పక్కకో పోతుంది. కొట్లో వినిపించే ఫోన్‌కు ఆ గీతని దాదాపు పూర్తిగా ఎడమ పక్కకు జరిపి, గొంతు బాగా పెంచి, నూట నలభై తొమ్మిది జత తగిలించి బసవపున్నయ్యను పిలిచాడు. వినికిడి పోయిన చెవికి కూడా కాస్త అందేంత మోత అది. కుడి పక్కకు చుక్కలు చుక్కలుగా వదిలాడు.

మేస్త్రి విన్నాడు. నెల రోజులుగా అందరికీ మరణవార్తలు చెప్పిన మొహం విచ్చుకుంది. “ఇదిగో, ఇదిరా సరుకంటే! రెండు పక్కలా సమానంగా కొడతంది” అన్నాడు.

సాయంత్రానికల్లా ఆ జతల మీద ‘బసవపున్నయ్య పాస్’ అని స్టిక్కర్ పడింది. నూట నలభై తొమ్మిది కాస్తా మూడొందల తొంభై తొమ్మిదయింది. జనం ఎగబడ్డారు. బాబీ కొన్నాడు, ఆమోసు కొన్నాడు, పవన్‌కుమార్ రెండు కొన్నాడు. పద్దెనిమిది వందల దాంట్లో లేనిది ఇందులో ఉందనీ, అది ఏమిటో మాటల్లో చెప్పలేమనీ అన్నాడు. నేను అన్నీ చూస్తూ టీ తాగుతుంటే, మణికుమార్ నా పక్కన ఒక స్టిక్కర్ జత పెట్టి “మీక్కూడానండి” అన్నాడు. తీసుకున్నాను. మేమంతా కలిసి ఒక పెద్దమనిషి చెవిలో పువ్వు పెట్టాం, అదీ ఆయన పేరే రాసి.

బసవపున్నయ్య భార్య సీతారావమ్మ గారిని గురించి ఇక్కడ చెప్పాలి. రోజూ పొద్దున ఆయన స్కూటర్ వెనక కూర్చుని పటమట రైతుబజార్‌కు వస్తారు. చీరకట్టు ఆడవాళ్లు ఎలా కూర్చుంటారో అలాగే, కాళ్లు రెండూ ఎడమ పక్కకు వేసి, ఆయన ఎడమ భుజం మీదుగా మాట్లాడుతూ. ఎక్కి సర్దుకోగానే బస్సు కండక్టర్ లాగా వీపు మీద రెండు తట్లు తట్టి ‘రైట్ రైట్’ అంటారు, అప్పుడాయన బండి కదిలిస్తాడు. మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా నా దగ్గర ఆవిడకు ఒకటే గోడు.

“లోకంలో ఇంజన్లన్నీ వింటాడండీ మీ మేస్త్రి. నా మాటొక్కటే పెడచెవిన పెడతాడు. మోకాలు సలుపుతోందండీ, ఒకసారి చూపిద్దామండీ అని ఆర్నెల్లుగా స్కూటర్ మీద చెబుతూనే ఉన్నా. ఊ అంటే ముత్యాలు రాలిపోతాయా? ఇంట్లో చెబుదామంటే టీవీ మోత. ఇంక చెప్పటం మానేశాను” అన్నారొక రోజు. నా జేబులో ఉచిత ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. వాటిని ఇంకాస్త లోపలికి తోశాను.

ఆ వారంలోనే బసవపున్నయ్య ఆవిడకు ఒక పాస్ జత కొన్నాడు. మణికుమార్ ఊరికే ఇస్తానన్నా వినకుండా డబ్బులిచ్చి మరీ తీసుకున్నాడు. ఆవిడ ఫోన్లో ప్రవచనాలు వింటారు, ఆయన టీవీకి అడ్డం కాకుండా ఉంటుందని. మర్నాడు మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ స్కూటర్ మీద నేరుగా మణికుమార్ కొట్టు ముందు ఆగారు. అన్నాల వేళ కావడంతో మేమంతా అక్కడే ఉన్నాం.

“ఏవయ్యా మణీ, నేను పాస్ చేసింది ఒకటీ, నువ్వు డబ్బాలో పెట్టింది ఇంకోటీనా?” అన్నాడు మేస్త్రి. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

మణికుమార్ మొహం పాలిపోయింది. “లేదండి బాబాయ్ గారూ, మీరు విన్నవేనండి” అన్నాడు.

“మరి ఇంట్లో పెట్టుకుంటే ఎడమ పక్క చచ్చిందే! నా పేరు రాసి చచ్చిన సరుకు అమ్ముతావా?”

“నాకు రెండు పక్కలా బానే వినపడతన్నాయని రాత్రి నుంచీ చెబుతున్నాను గదండీ” అన్నారు సీతారావమ్మ గారు. ఆవిడ ఆయనకు ఎడమ పక్కన నిలబడి ఉన్నారు. ఆయన తల కూడా తిప్పలేదు.

“నీ ఫోనొద్దు. మా ఆవిడ ఫోన్లోనే, ఇక్కడే, అందరి ముందరే తేలుద్దాం” అన్నాడాయన. పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. “చచ్చింది” అన్నాడు. తర్వాత, ఏదో అలవాటుగా, షెడ్డులో అన్నట్టే అన్నాడు.

“సరే. మార్చి చూద్దాం.”

ఆయన ఎడమ చెవిలోది తీసి కుడి చెవిలో పెట్టాడు. కుడి చెవిలోది ఎడమ చెవిలో పెట్టాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఇందాక చచ్చిందన్న ఇయర్‌ఫోన్ ఇప్పుడు కుడి చెవిలో ప్రవచనం చెబుతోంది. ఇందాక బతికున్నది ఎడమ చెవిలో నోరు మూసుకుంది. ఆయన కళ్లు తెరిచి రెండింటినీ చూశాడు. మళ్లీ మార్చాడు. మూడోసారీ మార్చాడు.

“జబ్బు జరగలా” అన్నాడు నెమ్మదిగా.

దాని అర్థం అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఆయనే చెప్పిన పాఠం. ఎవరికి వారు ఏదో పనున్నట్టు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు.

“మణీ, మరి నీ ఫోన్లో నాకెట్టా వినపడిందిరా?”

మణికుమార్ దాచలేకపోయాడు. ఫోన్ తెరిచి గీత చూపించాడు. ఆయన దాన్ని వేలితో కుడికీ ఎడమకీ జరిపి చూసి, “బోరు అరిగిపోయిన ఇంజన్లో చిక్కటి ఆయిల్ పోసి, పొగ కనపడకుండా అమ్మినట్టు చేశావు గదరా” అన్నాడు. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే మాకు ఇబ్బందిగా ఉంది. మణికుమార్ ఏడ్చేశాడు.

ఆయన నా వైపు తిరిగాడు. “వెంకటప్పయ్యా, నీకు తెలుసా?”

“తెలుసు” అన్నాను.

“ముప్ఫయ్యేళ్లబట్టి ఎడమ పక్కనే ఉన్నావు. ఒకసారి కుడి పక్కకొచ్చి గట్టిగా చెప్పలేకపోయావా?”



ఆయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. మణికుమార్ కొట్టు అద్దంలో చూసుకుంటూ తన ఎడమ చెవి మీద, జాగ్రత్తగా, ఇంటూ మార్కు వేసుకున్నాడు. బాబీకి నవ్వొచ్చి, సగంలో ఆగిపోయింది. మిగతా ఎవరికీ నవ్వు రాలేదు.

సీతారావమ్మ గారు చుట్టూ తిరిగి ఆయన కుడి పక్కకు వచ్చారు. “అంటే స్కూటర్ మీద నేను చెప్పేవి మీకు వినపడలేదా?” అన్నారు.

“నువ్వేదో పాడుకుంటన్నావేమో అనుకున్నా” అన్నాడాయన.

“ఆర్నెల్లబట్టి మోకాలు నొప్పి అని మొత్తుకుంటుంటే పాడుకుంటున్నాననుకున్నారా!” అన్నారు ఆవిడ. ఒక పక్క నవ్వుతూనే, చెంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆయన ఆవిడ మోకాలి వైపు చూశాడు, అప్పుడే దాన్ని ఎవరో తెచ్చి బిగించినట్టు. “నొప్పా? ఎప్పట్నించీ?” అని అడిగాడు. ఆవిడ మొదటి నుంచీ చెప్పారు. ఆ ఎండలో, అందరి ముందూ, ఆయన కుడి చెవి ఒగ్గి చివరిదాకా విన్నాడు.

మా వీధిలో ఇక ఈయన పనైపోయిందని కొందరు చెవులు కొరుక్కున్నారు. ఆయన చెవి మీద ఇంటూతోనే షెడ్డుకెళ్లి, ఆమోసు లారీకి స్క్రూడ్రైవర్ ఆనించి కుడి చెవిని పిడికి అదిమి, “రెండో సిలిండర్” అన్నాడు. విప్పాం. రెండో సిలిండరే. “వినే చెవికి నలభై ఏళ్లూ పిడి అడ్డముంది, అందుకని బతికింది. ఊరికే కూర్చున్నదాని మీద ఊరంతా పడింది” అన్నాడు నాజిల్ తుడుస్తూ. సాయంత్రం దాకా ఆ ఇంటూ చెరుపుకోలేదు. తర్వాత వారం చెవుల డాక్టర్ దగ్గరికీ, మోకాళ్ల డాక్టర్ దగ్గరికీ ఇద్దరూ కలిసే వెళ్లొచ్చారు. చెవిలో మిషన్ పెట్టుకోమని డాక్టర్ చెబితే, చూద్దాంలెండి అన్నాడట.

మణికుమార్ స్టిక్కర్లన్నీ పీకేసి, ఎవరి చెవులతో వాళ్లే విని కొనుక్కోండని అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. మేస్త్రి రాయించాడు. దాంతో అమ్మకాలు సగానికి పడిపోయాయి. జనానికి ఇయర్‌ఫోన్లు కొనడం ఇష్టమే గానీ, సొంతంగా వినమంటే భయం. పవన్‌కుమార్‌కు ఎవరో జరిగిందంతా చెప్పారట. అయినా తన పద్దెనిమిది వందల దాంట్లో లెఫ్ట్ ఛానెల్ రోలాఫ్ ఉన్నమాట మాత్రం నిజమేనన్నాడట. నా ఉచిత జతలన్నీ నేను తిరిగిచ్చేశాను.

పదిరోజుల తర్వాత మేస్త్రి తన స్కూటర్‌ని వెల్డింగ్ షెడ్డులో పెట్టించాడు. ఆడవాళ్లు కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ కంపెనీ వాళ్లు ఎడమ పక్కనే ఇస్తారు. దాన్ని కోయించి కుడి పక్కన వేయించాడు. అటు సైలెన్సర్ వేడికి కాలు కాలుతుందని దాని మీద రంధ్రాలున్న రేకు బిగించాడు. చీర చక్రంలో పడకుండా జాలీ కూడా అటే పెట్టించాడు. వీధంతా పని మానేసి చూస్తుండగా సీతారావమ్మ గారు సిగ్గుపడుతూ, మోకాలు పట్టుకుని, కాళ్లు రెండూ కుడి పక్కకు వేసి కూర్చున్నారు. నేను నా కొట్లోంచి లేచి వెళ్లి, చుట్టూ తిరిగి, ఆ కుడి పక్కనే నిలబడ్డాను.

ఆయన బండి స్టార్ట్ చేసి ఆగాడు. ఆవిడ ఈసారి వీపు తట్టలేదు. కుడి చెవి దగ్గరికి వంగి, మామూలు గొంతుతో, “రైట్ రైట్” అన్నారు. బండి కదిలింది.